పదమూడో రొట్టె ఎవరికి?

డజన్ అంటే పన్నెండు, మరి బేకర్స్ డజన్ పదమూడు ఎలా అయిందని అడిగితే అందరూ చెప్పే కథ ఒకటే: తూకం తగ్గితే శిక్ష పడుతుందని ఇంగ్లండ్ రొట్టెలవాళ్లు భయపడి ఒకటి ఎక్కువ వేసేవాళ్లట. నాకైతే ఇది సగం కథే అనిపిస్తుంది. (ట్రేలో పదమూడు చక్కగా సర్దుకుంటాయి కాబట్టి అనే వాదన కూడా ఉంది, దాన్ని నేను అస్సలు నమ్మను.)

భయం మాత్రం నిజమే. ఇంగ్లండ్ రాజు మూడో హెన్రీ కాలంలో, 1266 నాటిదని చెప్పే అసైజ్ ఆఫ్ బ్రెడ్ అండ్ ఏల్ అనే చట్టం (రొట్టెకీ, ఏల్ అనే బీరుకీ పెట్టింది) రొట్టె ధరని కట్టేసింది. గోధుమలు ప్రియమైతే రొట్టె ధర పెరగదు, రొట్టే చిక్కిపోతుంది, ఎంత చిక్కాలో కూడా సర్కారే పట్టీ రాసిచ్చింది. అంతకంటే తగ్గితే జరిమానా, మరీ మితిమీరితే మెడా చేతులూ కొయ్యలో బిగించి నలుగురిలో నిలబెట్టడం. పిండిని తూచి వేయొచ్చు గానీ కాలేటప్పుడు ఎంత నీరు పోతుందో ఎవడు చెప్పగలడు? అక్కయ్యపాలెంలో మా వీధి చివరి బేకరీలో చూస్తుంటాను, ఒక్కో ఉండా కాటా మీద పెట్టి, కాస్త గిల్లి, మళ్లీ కాస్త అతికించి వేసినవే, అయినా ట్రే అంచున ఉన్నవి మాడినంత ఎర్రబడి తేలిగ్గా వస్తాయి, మధ్యలోవి మెత్తగా, చేతికి బరువుగా ఉంటాయి.

అయితే ఒక్క రొట్టె కొనుక్కునేవాడికి ఆ పదమూడోది ఎలా అందుతుంది? అందదు. అది మనం పూర్ణా మార్కెట్‌లో గీసి గీసి బేరమాడి వేయించుకునే కొసరు కాదు. డజన్ల లెక్కన కొని వీధుల్లో తిరిగి అమ్ముకునేవాళ్లకి ఇచ్చేది. ధర చట్టంలో ఉంది కాబట్టి పెన్నీ రొట్టెని వాళ్లు పెన్నీకే అమ్మాలి, ఇక మిగిలేదేంటి? అందుకే పన్నెండు పెన్నీలకి పదమూడు. అమ్మితే ఒక పెన్నీ లాభం, నూటికి ఎనిమిది పైచిలుకు.

ఇది మన కిరాణా కొట్లో రోజూ జరిగేదే. కంపెనీ కుర్రాడు ఆర్డర్ రాసుకోడానికి రాగానే మా కొట్టాయన అడిగే మొదటి మాట "ఈసారి స్కీమేటి?" అని. డజనుకి ఒకటి ఫ్రీ అంటే ఆ ఒక్కటీ నాకూ మీకూ రాదు, ఎమ్మార్పీకే అమ్ముడుపోతుంది. తప్పేం లేదు, ఆయన అద్దె ఎక్కణ్ణుంచి కడతాడు?

బేకర్స్ డజన్ అనే మాట అచ్చులో కనబడటం 16వ శతాబ్దం చివర్లో, అంటే పద్ధతి పుట్టిన చాలాకాలానికి. రొట్టె చట్టం లండన్‌లో 1815లో పోయింది, మిగతా ఇంగ్లండ్‌లో 1836లో.