నారాలో అమ్మ చెప్పిన సంకల్పం

అమ్మా నాన్నా విజయవాడ నుంచి ఒసాకా వచ్చి మూడు వారాలు దాటింది. నాన్నకి ఇక్కడి రైళ్ళు, వీధులు అన్నీ నచ్చేశాయి. అమ్మకే ఒక బెంగ ఉండిపోయింది. ఇంటి పక్క సందులోనే చిన్న గుడి ఉంది. రోజూ దాని ముందు నుంచే వెళ్తుంది గానీ లోపలికి అడుగు పెట్టదు. బయట నిలబడి ఓ దణ్ణం పెట్టి వచ్చేస్తుంది. "మనకి తెలియని దేవుళ్ళు, పద్ధతి తెలియదు, తప్పు చేస్తే ఎలాగే?" అంటుంది.

అందుకే నవంబరు చివరి శనివారం అందరం నారా బయల్దేరాం. నంబా స్టేషన్‌లో కింతెత్సు రైలెక్కితే నలభై నిమిషాల ప్రయాణం. 710 నుంచి 784 వరకు జపాన్ రాజధాని ఇదే, క్యోటో కంటే ముందు. తెల్లారకముందే లేచి పులిహోర కలిపి డబ్బాల్లో సర్దాను. శాకాహారులైన పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు ఈ పని తప్పకుండా చేయండి. ఇక్కడ కూరగాయల సూపు అన్నా కూడా చాలాచోట్ల చేపలు మరిగించిన నీళ్ళతోనే చేస్తారు.

స్టేషన్ నుంచి నాలుగడుగులు వేస్తే కోఫుకుజి అనే బౌద్ధాలయం. 1426లో తిరిగి కట్టిన ఐదంతస్తుల గోపురం చూపిద్దామనుకున్నాను. మరమ్మతుల కోసం మొత్తం కప్పేశారు. పక్కనున్న మ్యూజియంలో మాత్రం అమ్మ ఒక విగ్రహం ముందు ఆగిపోయింది. మూడు ముఖాలు, ఆరు చేతులు, సన్నటి కుర్రవాడి ఒళ్ళు. 734 నాటిది. గుడ్డ మీద లక్క పొరలు పొరలుగా పూసి చేశారట. పేరు అషురా, అంటే మన అసురుడే. కోరలు లేవు, కోపం లేదు. కనుబొమలు ముడిచి, తప్పు తెలుసుకున్న పిల్లాడిలా చేతులు జోడించి ఉన్నాడు. "పాపం, రాక్షసుడంటే నమ్మబుద్ధి కావట్లేదు" అంది అమ్మ.

బయటికొస్తే పార్కు నిండా జింకలే. వెయ్యికి పైనే ఉంటాయి. కాసుగా గుడి దేవుడు తెల్లజింక నెక్కి ఈ ఊరు వచ్చాడని వీళ్ళ నమ్మకం, అందుకే వీటిని దేవుడి దూతలుగా చూస్తారు. బెంచీ మీద పులిహోర డబ్బా మూత తీశామో లేదో, నాలుగు జింకలు వచ్చి నిలబడ్డాయి. ఒకటి అమ్మ కొంగు నోట కరుచుకుంది. మా పాప కేకలు పెట్టింది. అమ్మ మాత్రం బెదరకుండా మెల్లగా కొంగు లాక్కుని, "గుమ్మంలోకొచ్చిన ఆవుకి పెట్టకుండా తింటామా" అని పులిహోర ముద్ద తీయబోయింది. మనం తినేవి వాటికి పెట్టకూడదు. అందుకని తవుడు, గోధుమపిండితో చేసిన బిస్కెట్లు అక్కడే కొని ఇచ్చాం. తలవంచి దణ్ణం పెడితే జింక కూడా తలవంచింది. అమ్మ ముఖంలో ఆ రోజు మొదటి నవ్వు అప్పుడే చూశాను.

తోదాయ్‌జి అనే మరో బౌద్ధాలయం పెద్ద ద్వారం దగ్గర ఇరుపక్కలా ఎనిమిది మీటర్లకి పైగా ఎత్తున్న చెక్క ద్వారపాలకులు ఉన్నారు. 1203లో ఉన్కెయ్, కాయ్‌కెయ్ అనే శిల్పులు తమ శిష్యులతో కలిసి 69 రోజుల్లో పూర్తి చేశారు. ఒకరి నోరు తెరిచి ఉంటుంది, ఇంకొకరిది మూసి ఉంటుంది. ఒకరు 'అ', ఇంకొకరు 'మ్'. ఓంకారం మొదలూ చివరా అన్నమాట. "జయవిజయులు" అన్నారు నాన్న.

ఇక లోపల మహాబుద్ధుడు. దాదాపు 15 మీటర్ల కంచు విగ్రహం. వైరోచన బుద్ధుడు, వీళ్ళ నోట బిరుషానా. మశూచి, కరువు, తిరుగుబాట్లతో దేశం అల్లాడుతున్న రోజుల్లో షోము చక్రవర్తి 743లో ఈ విగ్రహం చేయించాలని సంకల్పించాడు. గడ్డిపోచ తెచ్చేవాళ్ళనీ, పిడికెడు మట్టి తెచ్చేవాళ్ళనీ కూడా కాదనకండి అని ఆజ్ఞలో రాయించాడట. నేనిది చెప్పగానే నాన్న "ఉడుత భక్తి" అన్నారు.

నేను అసలు చెప్పాలని తీసుకొచ్చిన కథ ఇంకొకటి ఉంది. విగ్రహం తయారయ్యాక 752లో నేత్రోన్మీలనం జరిపారు. మన గుళ్ళలో ప్రతిష్ఠప్పుడు చేసేదే. ఆ కళ్ళు దిద్దింది దక్షిణ భారతదేశం నుంచి వచ్చిన బోధిసేనుడు. పుట్టుకతో బ్రాహ్మణుడు, బౌద్ధ భిక్షువు. చైనా మీదుగా 736లో నానివా రేవులో దిగాడు. నానివా అంటే ఇప్పటి ఒసాకా, మేముండే ఊరే. ఆయన పట్టుకున్న కుంచెకి పొడవాటి దారాలు కట్టారు. చక్రవర్తి కుటుంబంతో సహా వచ్చినవాళ్ళు ఆ దారాలు పట్టుకుని నిలబడ్డారు, తామూ కళ్ళు దిద్దినట్టే అని. ఆ కుంచె, ఆ దారం ఈ గుడి వెనక షోసోయిన్ భాండాగారంలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

"పూర్ణాహుతి వేసేటప్పుడు చేయి అందనివాళ్ళం ముందువాళ్ళ భుజం ముట్టుకుంటాం కదే, అలాగ" అంది అమ్మ. ఈ కథ నేను చాలామందికి చెప్పాను. ఆ దారాల అర్థం ఇంత తేలిగ్గా పట్టుకున్నది అమ్మే.

ఇప్పుడున్న తల మాత్రం అప్పటిది కాదు. 1180లోనూ 1567లోనూ యుద్ధాల్లో గుడి తగలబడింది. ఇప్పటి తలని పదిహేడో శతాబ్దం చివర్లో పోశారు. ఈ మందిరం 1709లో కట్టింది, మొదటిదాని కంటే వెడల్పు మూడో వంతు తక్కువ. పీఠం మీది తామర రేకుల్లో కొన్ని మాత్రం ఆ తొలినాళ్ళవే.

అమ్మ చాలాసేపు పైకి చూస్తూ నిలబడింది. తర్వాత అడిగింది, "ఆ బోధిసేనుడు మళ్ళీ ఇంటికి వెళ్ళాడా?"

"లేదమ్మా. 760లో ఇక్కడే పోయాడు."

అమ్మ ఇంకేమీ అనలేదు. నా చేయి పట్టుకుని విగ్రహం చుట్టూ ప్రదక్షిణగా నడిచింది. నేను ఈ దేశం వచ్చి తొమ్మిదేళ్ళు. ఆ చేతిని నేనూ వదల్లేదు.

బయట వరండాలో కుడివైపు ఒక చెక్క విగ్రహం కూర్చుని ఉంటుంది. ఎర్ర గుడ్డ కప్పుకున్న ముసలాయన, పేరు బింజురు. మనకి ఎక్కడ నొప్పి ఉంటే ఆయనకి అక్కడ తడిమి, తర్వాత మనని తడుముకోవాలి. అసలు పేరు పిండోల భారద్వాజుడు, బుద్ధుడి శిష్యుడు. పైన వేలాడదీసిన చందనపు గిన్నెని గాల్లోకి ఎగిరి అందుకుని అందరి ముందూ మహిమ చూపించాడు. బుద్ధుడు మందలించాడు. అందుకే గర్భగుడి బయట కూర్చున్నాడని చెబుతారు.

"భారద్వాజుడా? మన గోత్రమేనే!" అమ్మ గొంతు మారిపోయింది. మోకాళ్ళ నొప్పితో పొద్దుటి నుంచీ ఆగి ఆగి నడుస్తున్న మనిషి, గబగబా దగ్గరికెళ్ళి ఆయన మోకాలి మీద చేయి వేసింది. ఎన్ని చేతులు తగిలాయో, అక్కడి చెక్క అరిగి నున్నగా ఉంది. రెండు మోకాళ్ళూ తడిమి, తన మోకాళ్ళు తడుముకుని, తిరిగి ఆయన పాదాలకి దణ్ణం పెట్టింది. వెనక నిలబడ్డ జపాను ముసలావిడ అమ్మని చూసి నవ్వి తలవంచింది. ఆవిడ కూడా మోకాలే తడిమింది.

గుట్ట మీదున్న నిగాత్సుదో మందిరం మెట్లు అమ్మ ఎక్కలేనంది. నాన్నా మావారూ పాపా ఎక్కి, పైనుంచి ఊరంతా చూసి దిగారు.

కాసుగా గుడికి దారి అడవిలోంచి. ఇరుపక్కలా నాచు పట్టిన రాతి దీపస్తంభాలు, గుళ్ళో వేలాడే కంచు దీపాలు. అన్నీ కలిపి మూడు వేలు. మన గుడి మెట్ల మీద దాతల పేర్లు చెక్కించినట్టే వీటి మీదా పేర్లున్నాయి. 768లో వెలసిన గుడి. ఇరవై ఏళ్ళకోసారి బాగుచేసి రంగు వేస్తారు. 2016లో జరిగింది అరవయ్యోసారి. చీకటి గదిలో దీపాలు వెలిగించి ఉంచిన చోట మా పాప కూడా మాట్లాడకుండా నిలబడింది.

అక్కడ జింక ముఖం ఆకారంలో చిన్న చెక్క పలకలు అమ్ముతారు. కోరిక రాసి కట్టాలి. ముందువైపు పాప కళ్ళూ ముక్కూ గీసింది. వెనకవైపు అమ్మ తెలుగులో రాసింది. భారద్వాజస గోత్రం, కింద వాళ్ళిద్దరి పేర్లు. కాశ్యపస గోత్రం, కింద మా ముగ్గురివీ. పాప పేరు పక్కన రోహిణి నక్షత్రం.

"చదవడానికి పూజారి ఉండడు కదా, నేనే చదువుతా" అని కళ్ళు మూసుకుని రోజూ చెప్పే సంకల్పం మొదలుపెట్టింది. "శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే..." అని ఆగిపోయింది.

"ఆగావేం? శ్రీశైలానికి ఇదీ ఈశాన్యమేగా" అన్నారు నాన్న.

"అది సరేనండీ, తర్వాతది కృష్ణా గోదావర్యోః మధ్యదేశే కదా. ఇక్కడ ఏ నది?"

"మన ఇంటి దగ్గర యోదో ఉందిగా అమ్మమ్మా" అంది పాప.

"ఆఁ. మీరుండేది అక్కడేగా" అని, "యోదో నదీ తీరే" అని అందుకుంది అమ్మ. అందరి పేర్లూ పైకి చదివి, పలక కట్టి, పక్కవాళ్ళని చూసి నేర్చుకున్నట్టు రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగింది.