వెనిస్‌లో మకాం: వంతెనలు లెక్కపెట్టి మరీ వెతికాను

మ్యూనిక్‌లో నా దగ్గరికి అమ్మానాన్న రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు మూడు రోజులు వెనిస్ వెళ్దామనుకున్నాం. రైలు టికెట్లు ఒక్క పూటలో అయిపోయాయి. ఎక్కడ దిగాలో తేలడానికి మాత్రం వారం పట్టింది.

పాత ఊరు ఆరు పేటలు: సాన్ మార్కో, కాస్తెల్లో, కన్నరేజో, దోర్సొదూరో, సాన్ పోలో, శాంతా క్రోచే. అందరిలాగే ముందు సాన్ మార్కో చూశాను. ధరలు చూసి గుండె గుభేలుమంది. పైగా ఊళ్లో పల్లం అదే, పోటు నీళ్లు ముందు చేరేది అక్కడికే. తర్వాత మెస్త్రే. అది నేల మీది ఊరు, పాత వెనిస్‌కి రైల్లో పది నిమిషాలు, గదులు చవక. కానీ రాత్రిపూట కాలువల పక్కన తిరక్కుండా రైలెక్కి వెళ్లిపోవడానికి నాకు మనసొప్పలేదు.

అసలు చిక్కు అమ్మ మోకాళ్లు. పాత ఊళ్లో కార్లు తిరగవు. నడవాలి, లేదంటే వపొరెత్తో అనే లాంచీ ఎక్కాలి. వంతెనలు 400కి పైనే, దాదాపు అన్నిటికీ మెట్లే. మ్యాప్ 'పన్నెండు నిమిషాల నడక' అంటుందే గానీ ఎన్ని మెట్లో చెప్పదు. అందుకని స్టేషన్ నుంచి ఒక్కో హోటల్‌కి ఎన్ని కాలువలు దాటాలో చూసి కాగితం మీద రాసుకున్నాను. నాన్న నవ్వి, "నీ అక్క సంబంధానికి కూడా మేమింత ఆరా తియ్యలేదురా" అన్నారు.

చివరికి కన్నరేజోలో దొరికింది. శాంతా లూచియా స్టేషన్ బయటికొచ్చి ఎడమకి తిరిగితే లిస్తా ది స్పాన్యా వీధి. గూల్యే వంతెన వచ్చేదాకా దారిలో ఒక్క వంతెనా లేదు. అన్నీ బొమ్మల కొట్లు, జనం. అందమైన వీధి అని మాత్రం అనను. లాంచీ రేవు స్టేషన్ ఎదురుగానే. ఒకటో నంబరు ఎక్కితే గ్రాండ్ కెనాల్ పొడవునా ఆగుతూ సాన్ మార్కో చేరుస్తుంది. 75 నిమిషాల టికెట్ 9.50 యూరోలు, అందుకే 72 గంటల పాస్ తీసుకున్నాం.

అక్కడి అడ్రసుల్లో చాలావాటికి పేట పేరు, నంబరు తప్ప వీధి పేరుండదు. ఓనరు పంపిన ఫోటో పట్టుకుని తలుపు కనుక్కున్నాం. తెరిస్తే ఎదురుగా నిటారుగా మెట్లు! గది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ప్రకటనలో అడుగున రాసే ఉంది, నేనే చూడలేదు.

అమ్మ మెట్లకేసి, నాకేసి చూసి, "ఇది లెక్కలో రాలేదా నాన్నా?" అంది.

రోజుకి ఒక్కసారే ఎక్కుతానని షరతు పెట్టింది. ఆ మూడు రోజులూ మధ్యాహ్నం కునుకు లాంచీలోనే తీసింది.