టెక్నికల్ రిక్రూటర్ ఇంటర్వ్యూ: రెండోసారి నేను మార్చుకున్న ప్రిపరేషన్

ఒక పెద్ద కంపెనీలో టెక్నికల్ రిక్రూటర్ (కంపెనీకి కావాల్సిన ఇంజినీర్లను వెతికి చేర్చే ఉద్యోగం) పోస్టుకు మొదటిసారి వెళ్లి మూడో రౌండ్‌లో ఆగిపోయాను. ఎనిమిది నెలల తర్వాత ఇంకో కంపెనీలో అదే పోస్టు వచ్చింది. ఈ మధ్యలో కొత్తగా నేర్చుకున్న టెక్నాలజీ తక్కువే, ప్రిపేరైన పద్ధతి మాత్రం పూర్తిగా మారింది. ఇదే ఇంటర్వ్యూ కోసం కూర్చున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటిసారి నాది ఒట్టి బట్టీ. డాకర్ అంటే ఏమిటి, ఏపీఐ అంటే ఏమిటి, మైక్రోసర్వీసెస్ అంటే ఏమిటి అంటూ నోట్‌బుక్ నింపేశాను. ఇంటర్వ్యూలో ఒక్క నిర్వచనం కూడా అడగలేదు. హైరింగ్ మేనేజర్ (తన టీమ్‌కి మనిషి కావాలని అడిగే మేనేజర్) పాత్రలో కూర్చున్నావిడ "మా టీమ్‌కి సీనియర్ బ్యాకెండ్ ఇంజినీర్ కావాలి, మొదలుపెట్టండి" అన్నారు. నేను గబగబా సెర్చ్ స్ట్రింగ్ (ప్రొఫైల్స్ వెతకడానికి టైప్ చేసే పదాల వరస) చెప్పేశాను. ఆవిడ ఓపిగ్గా అంతా విని, "ఈ మనిషి వచ్చి ఏం పని చేయాలో మీరు నన్ను అడగనేలేదు" అన్నారు. ఆ రోజంతా ఆ మాటే చెవిలో మోగింది.

కాబట్టి మీ టైమ్‌లో సగం ఇంటేక్ మీటింగ్‌కే పెట్టండి. రిక్వైర్‌మెంట్ (ఫలానా పోస్టుకు మనిషి కావాలన్న మాట) చేతికి రాగానే మేనేజర్‌తో కూర్చునే మొదటి మీటింగ్ అది. ఈ పోస్టు కొత్తదా, ఎవరైనా వెళ్లిపోతే ఖాళీ అయిందా? వచ్చినవాళ్లు మొదటి ఆరు నెలల్లో ఏం పూర్తి చేయాలి? జేడీలో (జాబ్ డిస్క్రిప్షన్, అంటే ఉద్యోగ వివరాల కాగితం) ఉన్న పది స్కిల్స్‌లో ఏవి లేకపోతే అసలు కుదరదు, ఏవి చేరాక నేర్చుకోవచ్చు? ఇంటర్వ్యూ అయ్యాక ఫీడ్‌బ్యాక్ ఎన్ని రోజుల్లో ఇస్తారు? ఇవి కాగితం చూడకుండా, మామూలు మాటల్లో అడగడం అలవాటు కావాలి.

మేనేజర్‌కి ఎదురుచెప్పగలరా అని కూడా చూస్తారు. నాతో ప్రాక్టీస్ చేసిన ఫ్రెండ్ ఒకసారి "కుబర్నెటిస్‌లో 15 ఏళ్ల అనుభవం కావాలి" అన్నాడు. కుబర్నెటిస్ అంటే చాలా సర్వర్ల మీద యాప్‌లను నడిపించే సాఫ్ట్‌వేర్. దాన్ని గూగుల్ ఓపెన్ సోర్స్‌గా ప్రకటించిందే 2014లో. ఆ లెక్కన 2029 దాకా బయట అలాంటి క్యాండిడేట్ దొరకడు. అలాగని "అది కుదరదు" అని ఊరుకుంటే సరిపోదు. "పెద్ద డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ నడిపిన అనుభవం ఉండి, అందులో కొన్నేళ్లు కుబర్నెటిస్ మీద ఉంటే సరిపోతుందా?" అని దారి చూపించాలి.

టెక్నాలజీ కోసం నేను చేసింది ఒకటే. ఇంజినీర్‌గా పనిచేసే ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి, యాప్‌లో 'ఆర్డర్' బటన్ నొక్కితే వెనకాల ఏం జరుగుతుందో చెప్పమన్నాను. బటన్ కనిపించే స్క్రీన్ ఫ్రంటెండ్ వాళ్లది. ఆ రిక్వెస్ట్ అందుకుని స్టాక్ ఉందో లేదో చూసేది బ్యాకెండ్. ఆర్డర్ వివరాలు డేటాబేస్‌లో చేరతాయి. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే లేచేది ఎస్ఆర్ఈ (సైట్ రిలయబిలిటీ ఇంజినీర్). ఆ ఒక్క బొమ్మ గీసుకున్నాక ఏ జేడీ చూసినా ఆ ఇంజినీర్ ఎక్కడ కూర్చుంటాడో అర్థమైంది.

సెర్చ్ రౌండ్‌లో బ్రాకెట్లు మర్చిపోకండి. జావాతో పాటు కాఫ్కా గానీ రాబిట్‌ఎంక్యూ గానీ (రెండూ ప్రోగ్రామ్‌ల మధ్య మెసేజ్‌లు చేరవేసే సాఫ్ట్‌వేర్లు) తెలిసినవాళ్లు కావాలనుకోండి. 'జావా యాండ్ కాఫ్కా ఆర్ రాబిట్‌ఎంక్యూ' అని రాస్తే, యాండ్‌ని ముందు చూసే సైట్లలో జావా రాకపోయినా రాబిట్‌ఎంక్యూ ఉన్నవాళ్లందరూ వచ్చిపడతారు. కాఫ్కా, రాబిట్‌ఎంక్యూలను ఆర్‌తో కలిపి బ్రాకెట్లో పెట్టాలి. ఇంకోటి, జావా వాళ్లు కావాలని 'నాట్ జావాస్క్రిప్ట్' పెట్టడం. రెండూ 1995లోనే వచ్చినా వేర్వేరు భాషలు, అది నిజమే. కానీ బ్యాకెండ్ వాళ్లలో చాలామంది ప్రొఫైల్‌లో జావాస్క్రిప్ట్ కూడా రాసుకుంటారు. ఆ ఒక్క 'నాట్'తో మంచి ప్రొఫైల్స్ కనపడకుండా పోతాయి.

లెక్కలు కూడా అడుగుతారు. నలుగురిని చేర్చుకోవాలి, ఎంతమందికి మెసేజ్ పెడతారు అంటే వెనక నుంచి రండి. ఉదాహరణకు ఐదు ఆఫర్లలో ఒకటి డ్రాప్ అవుతుందనుకుందాం, అంటే ఐదు ఆఫర్లు కావాలి. ఫైనల్ రౌండ్‌కి వెళ్లిన నలుగురిలో ఒకరికి ఆఫర్ వస్తే 20 ఫైనల్స్. స్క్రీనింగ్ (మొదటి వడపోత) చేసిన ముగ్గురిలో ఒకరు ఫైనల్‌కి వెళ్తే 60 స్క్రీనింగ్స్. ఐదు మెసేజ్‌లకు ఒకరు మాట్లాడతానంటే 300 మెసేజ్‌లు. టైమ్ టు ఫిల్, టైమ్ టు హైర్ ఒకటే అనుకోవద్దు. మొదటిది సాధారణంగా రిక్వైర్‌మెంట్ ఓపెన్ అయిన రోజు నుంచి లెక్క, రెండోది క్యాండిడేట్ మన ప్రాసెస్‌లోకి వచ్చిన రోజు నుంచి. మొదటిది ఎక్కువగా, రెండోది తక్కువగా ఉంటే ఆలస్యం ఇంటర్వ్యూల్లో కాదు, మనుషుల్ని వెతకడంలో ఉందన్నమాట.

బిహేవియరల్ రౌండ్‌కి (గతంలో ఎలా నడుచుకున్నారో అడిగే రౌండ్) స్టార్ పద్ధతిలో, అంటే పరిస్థితి, మీ బాధ్యత, మీరు చేసింది, ఫలితం అనే వరసలో, ఐదారు సొంత అనుభవాలు చాలు. ఒక ఫెయిల్యూర్ కూడా ఉంచుకోండి, దాచకుండా చెప్పండి.

క్యాండిడేట్ పాత్రతో మాట్లాడే రౌండ్ నాకు అన్నిటికన్నా ఇష్టం. "నాకు వేరే ఆఫర్ ఉంది, వాళ్లు ఎక్కువ ఇస్తున్నారు" అంటారు. టెన్షన్‌లో "మేమూ పెంచుతాం" అనేయకండి, ఆ మాట ఇచ్చే అధికారం మనకు లేదు. అక్కడ జీతం కాక ఇంకేం నచ్చింది, ఎప్పటిలోగా చెప్పాలి, ఇంట్లో ఎవరితో మాట్లాడి నిర్ణయం తీసుకుంటారు అని అడగండి. ఉద్యోగం మారడం వాళ్ల జీవితంలో పెద్ద విషయం. అది మనకు తెలుసని వాళ్లకు అనిపించాలి.

రెండో ఇంటర్వ్యూలో మళ్లీ అదే బ్యాకెండ్ పోస్టు ఇచ్చారు. ఈసారి ల్యాప్‌టాప్ పక్కకి జరిపి, ఈ మనిషి వచ్చి ఏం పని చేయాలి అని అడిగాను. దాదాపు పావుగంట అడుగుతూనే ఉన్నాను. మాటల మధ్యలో మేనేజర్ పెన్ను తీసి, జేడీలోంచి మూడు స్కిల్స్ ఆయనే కొట్టేశారు.