ఫారెస్ట్ సర్వీస్ ప్రిపరేషన్: నాకు దారి చూపించిన రెండు దేశాల పట్టిక

ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ తుది జాబితాలో నా పేరు వచ్చిన దగ్గర్నుంచి అందరూ అడుగుతున్నది ఒక్కటే, ఫారెస్ట్రీ ఆప్షనల్ ఎలా చదివారు అని. అందుకే ఒకేచోట రాసి పెడుతున్నాను. ప్రిలిమ్స్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు: పాత ప్రశ్నపత్రాలు, కరెంట్ అఫైర్స్. నా రెండో ఆప్షనల్ జియాలజీకి బొమ్మలు, మ్యాపులు గీసి గీసి చెయ్యి తిరగాలి. నేను వివరంగా చెప్పాలనుకున్నది సహజ పునరుత్పత్తి, అంటే ఎవరూ నాటకుండా అడవి తనంతట తాను మళ్లీ పెరగడం గురించే.

ఈ టాపిక్‌ని చాలామంది సిల్వికల్చర్ (అడవుల పెంపకం) పాఠాల్లో విత్తనం, మొలక, కాపిస్ (నరికిన మొద్దు నుంచి పిలకలు లేవడం) వరకు చదివి పక్కన పెట్టేస్తారు. ఒక సీనియర్ అన్న నాతో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) 2020 అటవీ వనరుల నివేదికకు దేశాలు పంపిన రిపోర్టులు తెరిపించారు. అవి ఉచితంగానే దొరుకుతాయి. 1బి పట్టికలో సహజంగా పెరిగిన అడవి, నాటిన అడవి విడివిడిగా, 1990 నుంచి 2020 వరకు ఉంటాయి. బ్రెజిల్‌నీ మన దేశాన్నీ పక్కపక్కన పెట్టుకుని ఒక ఏ4 కాగితం మీద రాసుకున్నాను. నా ప్రిపరేషన్ మలుపు తిరిగింది అక్కడే.

మొత్తం అడవి చూస్తే మన దేశంలో 1990లో సుమారు 6.39 కోట్ల హెక్టార్లు, 2020లో 7.22 కోట్లు. అంటే 80 లక్షలకు పైగా పెరిగింది. కానీ నాటిన అడవి ఇదే కాలంలో సుమారు 57 లక్షల నుంచి 1.33 కోట్లకు చేరింది. ఆ పెరుగుదల తీసేస్తే సహజంగా పెరిగిన అడవి 5.8 కోట్ల దగ్గరే, కొద్ది లక్షల తేడాతో నిలిచి ఉంది. బ్రెజిల్ కథ వేరు. అక్కడ మొత్తం అడవి 58.9 కోట్ల నుంచి 49.7 కోట్లకు పడిపోయింది. నాటిన అడవి మాత్రం 1.12 కోట్లకు పెరిగింది. కాబట్టి సహజ అడవికి జరిగిన నష్టం, మొత్తం లెక్కలో కనిపించే 9.2 కోట్ల కంటే ఎక్కువే. అక్కడైనా ఇక్కడైనా అసలు సంగతి మొత్తం అంకెలో కనిపించదు. జవాబులో ఈ ఒక్క మాట సాక్ష్యంతో రాయగలిగితే చాలు, మీ పేపరు వేరుగా నిలబడుతుంది.

కారణాలు కూడా విడిగా రాయండి. బ్రెజిల్‌లో పశువుల మేత భూములు, సోయా. 2004లో అమెజాన్‌లో నరికివేత 27,772 చ.కి.మీ. ఉంటే, ఆ ఏడాదే మొదలైన కార్యాచరణ ప్రణాళిక, శాటిలైట్ నిఘా వల్ల 2012కి 4,571కి తగ్గింది. తర్వాత మళ్లీ పెరిగి 2021లో 13 వేలు దాటింది. మన దగ్గర 1980 అటవీ సంరక్షణ చట్టం, 1990 తర్వాత ఉమ్మడి అటవీ యాజమాన్యం, మన వీఎస్ఎస్‌లు (వన సంరక్షణ సమితులు).

నిర్వచనాల దగ్గర జాగ్రత్త. సహజంగా పెరిగినదంటే ముట్టుకోని ప్రాథమిక అడవి అని కాదు. వదిలేసిన మేత భూమిలో మళ్లీ లేచిన చెట్లూ అందులోకే వస్తాయి. మా ఊరి రిజర్వ్ ఫారెస్ట్‌లో నల్లమద్ది మొద్దు చుట్టూ గుంపుగా పిలకలు లేస్తే, గట్టివి ఒకటో రెండో ఉంచి మిగతావి కోసేస్తారు. ఆ చెట్టు మొదట తనంతట తాను మొలిచిందైతే ఈ పిలకల అడవి సహజమే. నాటిన నీలగిరి మొద్దు నుంచి వచ్చిన పిలకలైతే నాటిన అడవే. ఇక మన ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా (ఎఫ్ఎస్ఐ) నివేదికలో హెక్టారుకు పైబడి, 10 శాతం చెట్ల కప్పు ఉంటే మామిడి తోట కూడా అటవీ విస్తీర్ణంలోకి వస్తుంది. ఎఫ్ఏఓ పండ్ల తోటల్ని అడవిగా లెక్కించదు. ఈ రెండింటి అంకెలూ ఒకే వాక్యంలో కలపకండి. 2025 ఎఫ్ఏఓ నివేదిక అంకెల్ని 2020 వాటితో కూడా కలపొద్దు. కొత్త నివేదిక వచ్చిన ప్రతిసారీ పాత సంవత్సరాల లెక్కల్ని కూడా సవరిస్తారు.

ఇంత లోతు అవసరమా, టైమ్ వేస్ట్ అన్నవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. పది పుస్తకాలు తిరగేసినవాళ్ల కంటే ఒక పట్టికను అరగదీసినవాళ్లకే పరీక్ష హాల్లో చెయ్యి ఆగకుండా నడుస్తుంది. రోజూ ఉదయం ఫోన్ పక్కన పెట్టి ఒక్క పట్టిక చూడకుండా రాయండి. మూడ్ లేదు, టెన్షన్‌గా ఉంది అంటే కుదరదు. ఉద్యోగంలో చేరాక అడవి మన మూడ్ కోసం ఆగదు కదా.

ఇంటర్వ్యూలో దేశంలో అడవి పెరుగుతోందా అని అడిగారు. అవునని గానీ కాదని గానీ అనకుండా, ఏ అడవి అన్నదాన్ని బట్టి అంటూ ఈ అంకెలే చెప్పాను. చైర్మన్ గారు తర్వాతి మూడు ప్రశ్నలూ దాని మీదే వేశారు.

ఇంకొకటి, నడక పరీక్షను తేలిగ్గా తీసుకోకండి. 4 గంటల్లో మగవాళ్లు 25 కి.మీ., ఆడవాళ్లు 14 కి.మీ. నడవాలి. మెయిన్స్ రాసిన మర్నాటి నుంచే మొదలుపెట్టండి, కొత్త బూట్లతో మాత్రం వెళ్లకండి.