మా నల్ల పెట్టకి అమ్మవారు పోసినప్పుడు

మాది భీమవరం పక్క ఊరు, ఇంటి చుట్టూ చేపల చెరువులే, ఇక దోమల సంగతి చెప్పక్కర్లేదు. అవి మనల్ని కుట్టడమే కాదు, కోళ్ళకి జబ్బులు కూడా అంటిస్తాయని మొన్న కార్తీకం వెళ్ళాకే తెలిసింది. మాకు అయిదు నాటు పెట్టలు, ఒక పుంజు, రెండు నెలల పిల్లలు తొమ్మిది ఉన్నాయి. ఒకరోజు పొద్దున నూకలు చల్లుతుంటే నల్ల పెట్ట తురాయి మీద ఆవగింజంత పొక్కులు నాలుగు కనిపించాయి. పుంజు పొడిచిందేమోలే అనుకుని వదిలేశాను. మూడో రోజుకి అవి నల్లబడి పెచ్చులు కట్టాయి, ఒక కన్ను వాచింది. అయిదో రోజు చూస్తే రెండు కళ్ళూ మూసుకుపోయి, గంప పక్కన ఒంటికాలి మీద నిలబడి ఉంది. పక్కనే నూకలున్నాయి, కానీ ముక్కు దించట్లేదు.

మా అత్తయ్య చూడగానే "అమ్మాయ్, దీనికి అమ్మవారు పోసిందే" అంది. వేపమండ తెచ్చి గంప మీద పెట్టేసి, ఆ పూట నుంచి ఇంట్లో తాలింపు వెయ్యొద్దంది. కోడికి కూడానా అంటే అమ్మవారికి మనిషేమిటి, కోడేమిటి అంది. మూడు రోజులు తాలింపు లేని పప్పు తిన్నాం.

నేను చేసిన మొదటి తప్పు మందుల షాపుకి వెళ్ళడం. ఆయన కోడిని చూడకుండానే ఏవో యాంటీబయాటిక్ బిళ్ళలు ఇచ్చాడు, నీళ్ళలో కలిపి పట్టండి అన్నాడు. రెండో తప్పు ఇంకా పెద్దది. ముక్కు తెరిచి చెంచాతో నీళ్ళు పోసేశాను. అది ఒక్కసారిగా మెడ చాచి, గురగురమని, ఊపిరందక గిలగిలా కొట్టుకుంది. తలకిందులుగా వంచితే నీళ్ళు కారి, కాసేపటికి తేరుకుంది గానీ నా కాళ్ళు మాత్రం చాలాసేపు వణికాయి. కోడి నోరు తెరిచి చూస్తే నాలుక వెనకే ఒక చిన్న చీలిక తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది, అది శ్వాసనాళం ద్వారం. అందులోకి నీళ్ళు పోతే అంతే సంగతులు. తర్వాత నుంచి సూది తీసేసిన సిరంజితో ముక్కు అంచున ఒక్కో చుక్కే వదిలాను, అది నాలుక ఆడించి మింగాకే ఇంకో చుక్క.

మర్నాడు అట్టపెట్టెలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరుగారు ముందు నోరు తెరిపించి లోపల టార్చి వేసి చూశారు. గొంతులో పసుపుపచ్చటి పొర కడితే బతకడం కష్టమట, మా దానికి అది లేదు. ఇది ఫౌల్ పాక్స్, అంటే కోళ్ళకి వచ్చే మశూచి, వైరస్ వల్ల వస్తుంది, దాన్ని చంపే మందు లేదు, బిళ్ళలు పుండ్లకి చీము పట్టకుండా పనికొస్తాయేమో గానీ ఈ జబ్బుకి కాదు, మనుషులకి వచ్చే ఆటలమ్మకీ దీనికీ సంబంధం లేదు, ఇంట్లో పిల్లలకి అంటదు అన్నారు. ఆఖర్న ఆయన అన్న మాట నాకు బాగా గుర్తుండిపోయింది: "జబ్బుతో చావదమ్మా, కళ్ళు కనబడక ఆకలితో చస్తుంది. కళ్ళు తెరిచేదాకా తిండి మీరే పెట్టాలి."

ఇక అదే నా డ్యూటీ అయిపోయింది. పొద్దున్నే కాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసి, దూది తడిపి కంటి మీద అయిదు నిమిషాలు ఆన్చి ఉంచేదాన్ని. పెచ్చు మెత్తబడ్డాక రెప్ప అంచు కాస్త విడేది, లోపల జున్నుముక్కలా గడ్డకట్టిన చీము ఉండేది, దాన్ని దూదితో మెల్లిగా తుడిచి డాక్టరుగారిచ్చిన ఆయింట్‌మెంట్ రాసేదాన్ని. తురాయి మీద పెచ్చుల జోలికి మాత్రం పోలేదు. లాగితే రక్తం వస్తుంది, పైగా వైరస్ ఉండేదే ఆ పెచ్చుల్లో. వాటి మీద అత్తయ్య వేపనూనెలో పసుపు కలిపి రాసేది. తగ్గించిందో లేదో చెప్పలేను, ఈగలు మాత్రం వాలలేదు.

తిండి చిక్కటి రాగిజావ, అందులో ఉడికించిన గుడ్డు పచ్చసొన మెదిపి, రోజుకి నాలుగుసార్లు. కోడికి గుడ్డు పెట్టడమేంటే అని అత్తయ్య ఒకటే గొణుగుడు. చిన్న ఉండలు చేసి ముక్కు పక్కకి తాకిస్తే మూడో రోజు నుంచి తనే నోరు తెరవడం మొదలుపెట్టింది. మెడ కింద మేత నిలిచే సంచి ఉంటుంది కదా, రాత్రి పడుకునే ముందు అది నిమ్మకాయంత నిండుగా, పొద్దున ఖాళీగా తగిలితే అరుగుతున్నట్టు లెక్క. లగేజీ తూచే కొక్కెం త్రాసుకి సంచిలో వేలాడదీసి తూచేవాళ్ళం. కిలోన్నర ఉండేది కిలో రెండు వందలకి దిగి అక్కడ ఆగింది.

దాన్ని వేరే గంపలో పెట్టి పైన దోమతెర కప్పాం. "మనకే లేదు దోమతెర" అన్నారు మా ఆయన, నిజమే. పక్కింటి పిన్నిగారైతే రోజూ వచ్చి చూసి, ఈ తిప్పలన్నీ పడే బదులు ఇంకో పెట్టని కొనుక్కోవచ్చు కదమ్మా అనేది. లెక్క ప్రకారం ఆవిడదే కరెక్టు.

మిగతా కోళ్ళకి టీకా వేయిద్దామంటే, ఆ మందు సీసాలో వంద డోసులుంటాయి, ఒకసారి కలిపాక వెంటనే వాడెయ్యాలి, దాచుకోడానికి లేదు. పధ్నాలుగు కోళ్ళ కోసం సీసా విప్పరు. అందుకని వీధిలో అందరి కోళ్ళనీ కూడేశాను, పందెం పుంజులు పెంచేవాళ్ళతో సహా. రెక్క కింద పల్చటి చర్మంలో రెండు మొనల సూదితో గుచ్చుతారు, వారం పది రోజుల్లో అక్కడ చిన్న గడ్డ లేస్తే టీకా పట్టినట్టు. మా పిల్లల్లో ఒకదానికి లేవలేదు, దానికి మళ్ళీ వేయించాం.

తొమ్మిదో రోజు పొద్దున దూది తీసుకుని కూర్చునేసరికి ఎడమ కన్ను సగం తెరుచుకుని ఉంది. నన్ను చూసింది, నా చేతిలో ఉన్న గిన్నెను చూసింది, టక్కున ముక్కుతో ఒక్క పోటు. జావంతా నా చీర మీదే. రెండో కన్ను ఇంకో నాలుగు రోజులకి తెరిచింది, మూడు వారాలకి పెచ్చులన్నీ రాలిపోయాయి, వాటిని ఊడ్చి కాల్చేశాం. గుడ్డు పెట్టడానికి మాత్రం నెలన్నర పట్టింది.

ఇన్నాళ్ళూ ఒళ్ళో పెట్టుకుని తినిపించాను కదా, మచ్చికైపోయుంటుందనుకున్నాను. నేను పెరట్లోకి అడుగు పెడితే చాలు, బావి వెనక్కి పరుగు, చేతిలో సిరంజి ఉన్నా లేకపోయినా.