భిన్నాలు తగలకుండా వర్గ సమీకరణం

ధర్మాబాద్ వైపు మిర్చి ఎండబోసే కల్లం ఒకటి అనుకుందాం. పొడవు వెడల్పుకి రెండింతలు, ఆపైన 3 మీటర్లు. వైశాల్యం 77 చదరపు మీటర్లు. వెడల్పుని య అంటే య(2య + 3) = 77.

ఇక్కడే కొందరు య = 77 లేదా 2య + 3 = 77 అని రాసేస్తారు. లబ్ధం సున్నా అయితేనే అలా విడదీయొచ్చు, 77కి ఆ వెసులుబాటు లేదు. ముందు అన్నీ ఒకవైపుకి తెచ్చుకోవాలి: 2య² + 3య − 77 = 0.

నాందేడ్ జిల్లా మరాఠీ బడుల్లో చదివే మన పిల్లలు పదో తరగతిలో మూడు దారులు నేర్చుకుంటారు: అవయవ పద్ధతి (అవయవాలంటే కారణాంకాలే), పూర్ణ వర్గ పద్ధతి, సూత్ర పద్ధతి. ప్రశ్నలో ఏ పద్ధతి అడిగితే అదే చేయాలి. అడగకపోతే ముందు అవయవాలు చూడండి. గుణిస్తే 2 × (−77) = −154, కూడితే 3 రావాలి: 14, −11. అంటే (య + 7)(2య − 11) = 0. 77కే కారణాంకాలు వెతికి దొరకలేదని వదిలేసేవాళ్లు ఆ 2తో గుణించడం మరిచినట్టే.

పూర్ణ వర్గంలో అసలు తలనొప్పి భిన్నాలు. 2తో భాగిస్తే 3/2, అందులో సగం 3/4, దాని వర్గం 9/16... కూడికలోనే సగం మంది తప్పుతారు. నన్నడిగితే పాతకాలపు గణితవేత్త శ్రీధరాచార్యుడి దారి మేలు. ఆయన బీజగణిత గ్రంథం దొరకలేదు గానీ, ఈ సూత్రాన్ని భాస్కరాచార్యుడు తన పుస్తకంలో ఉదహరించడంతో మనదాకా వచ్చింది. మొదటి గుణకానికి నాలుగింతలతో, అంటే 8తో, రెండు వైపులా గుణించాలి:

16య² + 24య = 616

మధ్య గుణకం వర్గం 9 రెండు వైపులా కలపాలి:

(4య + 3)² = 625
4య + 3 = ±25

య = 5.5 లేదా −7. వెడల్పు రుణం కాదు కాబట్టి 5.5 మీటర్లు, పొడవు 14. ± మరిస్తే ఒక మూలం పోతుంది.

సూత్ర పద్ధతి అంటే, మొదటి గుణకం a, మధ్య గుణకం b, స్థిర పదం c అనుకుని, య = (−b ± √(b² − 4ac)) / 2a లో పెట్టడం. ఇందులో తప్పులన్నీ గుర్తుల దగ్గరే. మధ్య గుణకం −5 అయితే దాని వర్గం 25, −25 కాదు. మొదటి గుణకం ధనమై, స్థిర పదం రుణమైతే వర్గమూలం లోపల కూడిక వస్తుంది. కింద ఉన్న భాజకం పైనున్న మొత్తానికీ చెందుతుంది, వర్గమూలానికి మాత్రమే కాదు.

సరిచూడటానికి మూలాలు కూడండి: 5.5 − 7 = −3/2, మధ్య గుణకాన్ని మొదటి గుణకంతో భాగించి గుర్తు మార్చినట్టే. గుణిస్తే −77/2 రావాలి. వస్తుంది.

ఇక య² = 5య లాంటివి కనబడితే య కొట్టేయకండి. సున్నా అనే మూలం దాంతోపాటే పోతుంది.