రాత్రి పన్నెండు దాటితే తప్పే ఫైన్ లెక్క

ఎట్టకేలకు దొరికింది! ఆదివారాలు కూకట్‌పల్లిలో నా దగ్గరికి వచ్చే ఫైనలియర్ బీటెక్ పిల్లల లైబ్రరీ ప్రాజెక్టులో ఆ ఒక్క టెస్ట్ (కోడ్ సరిగ్గా పని చేస్తోందా అని చూసే చిన్న ప్రోగ్రామ్) ఎందుకు మొరాయిస్తోందో తేలిపోయింది. మిగతావి, అంటే మెంబర్ల నమోదు, పుస్తకం ఇష్యూ, ఒకే కాపీ ఇద్దరికి వెళ్లకుండా ఆపడం, అన్నీ పాస్.

ఫైన్ మాత్రం సతాయించింది. గడువు దాటితే రోజుకి 2 రూపాయలు. టెస్ట్‌లో పైథాన్‌తో ఇవాళ్టి తేదీ తీసుకుని, గడువును 5 రోజులు వెనక్కి పెట్టారు, కాబట్టి 10 రావాలి. నా ముందు కూర్చుని నడిపితే 10 వస్తుంది. హాస్టల్‌కి వెళ్లాక "అన్నా, మళ్లీ 8 వచ్చింది" అని వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్. పొద్దున అదే ల్యాప్‌టాప్, అదే కోడ్, 10.

వేరే టెస్ట్ వదిలేసిన డేటా అడ్డొస్తోందేమో అనుకుని పైటెస్ట్ (పైథాన్ టెస్టులు నడిపే టూల్) ఫిక్స్చర్‌లో, అంటే టెస్ట్‌కి ముందు ఏర్పాట్లు చేసే ఫంక్షన్‌లో, ప్రతి టెస్ట్‌కీ మెమరీలోనే కొత్త ఎస్‌క్యూలైట్ (సర్వర్ అక్కర్లేని చిన్న డేటాబేస్) తెరిపించాను. మార్పు లేదు. ఆ టెస్ట్ ఒక్కదాన్నే నడిపినా రాత్రి 8. ఎస్‌క్యూలైట్‌లో ఫారిన్ కీ తనిఖీ (ఒక టేబుల్‌లో రాసిన ఐడీ ఇంకో టేబుల్‌లో నిజంగా ఉందా అని చూడడం) మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ప్రతి కనెక్షన్‌కీ విడిగా ఆన్ చేయాలి. చేస్తే, లేని మెంబర్‌కి పుస్తకం ఇచ్చేస్తున్న ఇంకో తప్పు బయటపడింది (అది వేరే సంతోషం), ఫైన్ మాత్రం 8 దగ్గరే. దశాంశాల గోల అనుకుంటే రోజుల తేడా సరిగ్గా 4.0 వస్తోంది. అంటే రౌండింగ్ కాదు, నిండా ఒక రోజే మాయం.

అప్పుడు రన్ చేసిన ప్రతిసారీ టైమ్ రాయమన్నాను. రాత్రి 11:50కి 10. 12:20కి 8. 3:40కి 8. పొద్దున 5:20కి 8, 5:35కి 10. ఐదున్నర చూడగానే ఇంక చెప్పేదేముంది! పైథాన్ తేదీ మన టైమ్‌లో ఇస్తోంది, క్వెరీలో (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలో) ఎస్‌క్యూలైట్‌ని అడిగిన "ఇవాళ" యూటీసీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో, వస్తోంది. మనకి తేదీ మారిన ఐదున్నర గంటల దాకా దానికింకా నిన్నే. గిట్‌హబ్ యాక్షన్స్‌లో (గిట్‌హబ్ వాళ్ల మెషీన్ల మీద టెస్టులు నడిపే సర్వీసు) ఎప్పుడు నడిపినా పాసవడానికి కారణమూ ఇదే, అక్కడి మెషీన్ గడియారం కూడా యూటీసీయే.

క్వెరీలో లోకల్‌టైమ్ అని పెడితే చాలు కదా అని ఒకమ్మాయి అంది. ల్యాప్‌టాప్‌లో పని చేస్తుంది, కానీ రేపు యూటీసీలో ఉన్న సర్వర్‌కి ఎక్కిస్తే అక్కడి లోకల్‌టైమ్ కూడా యూటీసీయే, టెస్ట్ పాసైనా మనకి రాత్రి పన్నెండు దాటాక ఫైన్‌లో మళ్లీ ఒక రోజు మాయం. నా ఓటు ఇవాళ్టి తేదీని ఫంక్షన్‌కి బయటి నుంచి ఇవ్వడానికే. ఇప్పుడు టెస్ట్‌లో గడువు 2024 ఫిబ్రవరి 25, "ఇవాళ" 2024 మార్చి 1, ఫైన్ 10. లీపు రోజు లెక్క కూడా ఇందులోనే అయిపోయింది.

ఇంకో మాట. ఇలాంటి ప్రాజెక్టుల్లో డేటాబేస్‌ని మాక్ చేయించడం (అసలుదాని బదులు నకిలీది పెట్టడం) నాకు నచ్చదు. మాక్ పెట్టుంటే క్వెరీ అసలు నడిచేదే కాదు, ఈ తప్పు జన్మలో దొరికేది కాదు. పైథాన్‌తోనే వచ్చే యూనిట్‌టెస్ట్ కన్నా పైటెస్టే పిల్లలకి తొందరగా ఎక్కుతోంది, రాసేది తక్కువ.

తర్వాత ఎస్‌క్యూలైట్ నుంచి పోస్ట్‌గ్రెస్ అనే పెద్ద డేటాబేస్‌కి మారాలని ఉంది. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లలో డాకర్ (ప్రోగ్రామ్‌లని విడి డబ్బాల్లో నడిపే టూల్), క్రోమ్, ఎడిటర్ కలిపి తెరిస్తే ఫ్యాన్ల మోత భరించలేం, అందుకే నేరుగా ఇన్‌స్టాల్ చేయిద్దామనుకుంటున్నా. ప్రతి టెస్ట్‌నీ ట్రాన్సాక్షన్‌లో నడిపి చివర్లో రోల్‌బ్యాక్, అంటే చేసిన మార్పులన్నీ రద్దు. కానీ రోల్‌బ్యాక్ చేసినా పోస్ట్‌గ్రెస్ సీక్వెన్స్ (వరస నంబర్లు ఇచ్చే కౌంటర్) వెనక్కి రాదు, ఐడీలు పెరుగుతూనే పోతాయి. మొదటి మెంబర్ ఐడీ 1 అని ఒకడు ఇప్పటికే టెస్ట్ రాసి పెట్టాడు. నేనేమీ అనలేదు, రెండోసారి నడిపినప్పుడు వాడే అడుగుతాడు.